ఫ్రీగా వచ్చిన పిల్లిపిల్ల ఖర్చు: 58,800 రూపాయలు, ఒక శనివారం

ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఫోన్ రివ్యూ లేదు, ఇంటర్వ్యూ టిప్స్ లేవు. ఒక పాత బాకీ తీర్చుకోవాలి.

మీలో సగం మంది ఈ ఛానెల్‌కి వచ్చింది ఒక్క రీల్ వల్ల అని నాకు తెలుసు. 28 సెకన్ల రీల్. నా ల్యాప్‌టాప్ కీబోర్డ్ మీద మా పిల్లి కారం పడుకుని ఉంటుంది. నేను దాని పొట్ట కిందకి వేలు దూర్చి ఎంటర్ నొక్కుతాను. కోడ్ డిప్లాయ్ అవుతుంది, అది ఆవులిస్తుంది. అంతే. నేను మూడు రోజులు కష్టపడి ఎడిట్ చేసిన వీడియోలు ఎవరూ చూడలేదు గానీ, దీన్ని మాత్రం తెగ చూశారు. కామెంట్స్ నిండా "అన్నా నాకూ ఒకటి కావాలి", "రేపే తెచ్చుకుంటున్నా బ్రో". అలాంటి ప్రతి కామెంట్‌కీ నేను హార్ట్ కొట్టాను.

నాలుగు నెలల తర్వాత ఒక మెసేజ్ వచ్చింది. "అన్నా, మీ రీల్ చూసే పిల్లిపిల్లని తెచ్చుకున్నా. హాస్టల్లో తెలిసిపోయింది. ఆదివారం లోపు తీసేయమంటున్నారు. మీరు తీసుకుంటారా? ప్లీజ్ అన్నా."

నేను హార్ట్ కొట్టిన కామెంట్స్‌లో ఆ అమ్మాయిది కూడా ఉంది. వెనక్కి వెళ్ళి వెతికితే దొరికింది.

అందుకే ఆ 28 సెకన్లలో నేను చూపించనిది ఇవాళ చెప్తా. మొదటి విషయం ఏంటంటే, మా ఇంటికి వచ్చింది ఒక పిల్లి కాదు, రెండు.

2022 వానాకాలం. మియాపూర్‌లో అద్దెకి ఉంటున్నా, మూడో అంతస్తు. రాత్రి తొమ్మిదింటికి వాచ్‌మన్ అన్న ఫోన్ చేశాడు. "సార్, సెల్లార్‌లో మీ బండి కవర్ కింద రెండు పిల్లిపిల్లలున్నయి, నీళ్ళొస్తున్నయి." దిగి చూస్తే అరచేతిలో పట్టేంత ఉన్నాయి రెండూ. ఒకటి పూర్తి తెలుపు, ఇంకోటి తెలుపు మీద నలుపు, కారప్పొడి రంగు మచ్చలు. తెల్లదానికి ఇడ్లీ, మచ్చలదానికి కారం అని పేర్లు లిఫ్ట్‌లోనే పెట్టేశాను. అన్నట్టు, ఇలా మూడు రంగులున్న పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే అయి ఉంటుంది. నాకది తర్వాత తెలిసింది. ఇడ్లీ మగ.

మా అమ్మమ్మ ఒక మాట అనేది, మీ ఇంట్లో కూడా విని ఉంటారు: పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని. నేను దాన్ని సామెతలాగే విన్నాను. అది నిజంగా తల్లి పిల్లి చేసే పని. చోటు బాగాలేదనిపిస్తే ఒక్కొక్కదాన్నీ మెడ దగ్గర నోటితో పట్టుకుని వేరే చోటికి మారుస్తుంది. ఒక పిల్లని తీసుకెళ్ళి రెండోదాని కోసం తిరిగొచ్చే మధ్యలో మనం వెళ్ళి, "అయ్యో, తల్లి వదిలేసింది" అనుకుని ఇంటికి తెచ్చేస్తాం. ఆ రాత్రి నీళ్ళు వస్తున్నాయి కాబట్టి వాటిని తీయడం తప్పు కాదు. కానీ ఒక అట్టపెట్టెలో పెట్టి, మెట్ల మీద పొడిగా ఉన్న చోట ఉంచి, దూరంగా నిలబడి చూడాల్సింది. కొన్ని గంటలైనా. నేను నేరుగా పైకి తీసుకొచ్చేశాను. మర్నాడు సాయంత్రం నా బండి చుట్టూ ఒక పిల్లి అరుస్తూ తిరుగుతోంది. ఏదో పిల్లిలే అనుకున్నాను. అది ఏ పిల్లో ఇప్పుడు తెలుసు.

పిల్లలు కనీసం ఎనిమిది వారాలు తల్లి దగ్గర ఉండాలి. మావి అప్పటికి ఐదారు వారాలవి. డాక్టర్ మేడమ్ పళ్ళు చూసి చెప్పారు.

డాక్టర్ దగ్గరికి ఎందుకెళ్ళానంటే, పాల ప్యాకెట్ కట్ చేసి గిన్నెలో పోశాను. మనందరికీ తెలిసింది అదే కదా, పిల్లి అంటే పాలు. రెండు రోజులు ఇల్లంతా విరేచనాలు. ఆవు పాలు, గేదె పాలు చాలా పిల్లులకి అరగవు. పసిపిల్లలకి వాటి కోసమే తయారైన పాలపొడి దొరుకుతుంది. లేదా ఆ వయసుకి మెత్తటి కిట్టెన్ ఫుడ్ నానబెట్టి పెట్టొచ్చు. మేడమ్ నులిపురుగుల మందు వేసి, కార్డు రాసిచ్చి, "రెండు వారాల తర్వాత శనివారం తీసుకురండి, ఫస్ట్ డోస్ వ్యాక్సిన్ వేద్దాం" అన్నారు.

ఆ శనివారం దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే కామెంట్స్‌లో ఎక్కువ మంది అడిగేది అదే.

సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి నా దగ్గర షీట్ ఉంది. కారం ఒక్కదానికి మొదటి సంవత్సరం అయిన ఖర్చు ఇది. నా ఏరియాలో నేను కట్టిన రేట్లు, మీ ఊళ్ళో కాస్త అటూ ఇటూ ఉంటాయి. మోసుకెళ్ళే బుట్ట 1,100. మట్టి ట్రే, గరిటె 600. బాల్కనీకి, కిటికీలకి నెట్ 6,800. వ్యాక్సిన్లు మూడు డోసులు, ఒక్కోటి 900. రేబిస్ 400. ఐదుసార్లు కన్సల్టేషన్ 2,000. నులిపురుగులు, పిడుదుల మందులు 900. ఆపరేషన్ 6,500. ఇక నెలనెలా: ఫుడ్ 1,000, చికెన్, ప్యాకెట్ గ్రేవీలు కలిపి 700, లిట్టర్ 900. అంటే నెలకి 2,600. ఊరెళ్ళినప్పుడు ఇంటికొచ్చి చూసుకునే అబ్బాయికి 11 రాత్రులు, రాత్రికి 600. అన్నీ కూడితే 58,800. నెలకి 4,900 పడింది.

గోకడానికి పెట్టే స్టాండ్ అని తొమ్మిది వందలకి అమ్ముతారు, అది కొనకండి. ప్లాస్టిక్ కుర్చీ కాలికి గోనె పట్టా చుట్టి సుతిలి తాడుతో కట్టండి. కారం మూడేళ్ళుగా దాన్నే గోకుతోంది. బొమ్మలు కూడా వద్దు. కొరియర్ వచ్చిన అట్టపెట్టె చాలు.

కానీ నెట్ దగ్గర పిసినారితనం చేయొద్దు. "పిల్లి ఎక్కడినుంచి పడినా కాళ్ళ మీదే పడుతుంది" అంటారు. కాళ్ళ మీదే పడుతుంది, ఆ కాళ్ళే విరుగుతాయి, గడ్డం నేలకి కొట్టుకుని దవడ విరుగుతుంది. హైదరాబాద్‌లో పావురం లేని బాల్కనీ ఉందా? పావురాన్ని చూసిన పిల్లికి అంతస్తులు గుర్తుండవు. నైలాన్ నెట్ వేయిస్తే వారానికోసారి మూలలు చూసుకోండి, కొన్ని కొరికేస్తాయి.

ఫుడ్ మీద మా అమ్మకీ నాకూ పెద్ద గొడవ. అమ్మ తెనాలిలో ఉంటుంది. "మన పిల్లులు పెరుగన్నం తిని పెరగలేదా? దీనికి వెయ్యి రూపాయల మేత ఏంట్రా?" అంటుంది. నిజమే, అమ్మమ్మ వాళ్ళింట్లో పిల్లికి పెరుగన్నమే పెట్టేవాళ్ళు. కానీ అది పెరుగన్నం తిని గోడ దూకి వెళ్ళి ఎలకల్ని, బల్లుల్ని తినేది. నా పిల్లి మూడో అంతస్తులో తలుపులేసుకుని ఉంటుంది, గిన్నెలో ఏది వేస్తే అదే దాని లోకం. పిల్లికి టారిన్ అనే పదార్థం మాంసం నుంచే రావాలి, సరిపడా సొంతంగా తయారు చేసుకోలేదు. అది తగ్గితే కంటిచూపు పోతుంది, గుండె కండరం సాగిపోతుంది. గుండె జబ్బుకీ దీనికీ సంబంధం ఉందని 1987లో అమెరికాలో కనిపెట్టిన తర్వాతే కంపెనీల ఫుడ్‌లో టారిన్ మోతాదు పెంచారు. మీ ఇంట్లో మాంసం రానివ్వరా? తప్పేం లేదు, అది మీ ఇష్టం. కానీ అప్పుడు పిల్లిని తెచ్చుకోకండి. కుందేలుని చూడండి. కుక్క ఫుడ్ మిగిలింది కదా అని పిల్లికి పెట్టడం కూడా ఇలాంటిదే, అందులో దీనికి సరిపడా ఉండదు.

ఇంకో రెండు విషయాలు, ఇవి ప్రాణాలకి సంబంధించినవి కాబట్టి స్క్రీన్‌షాట్ తీసుకోండి. పిల్లికి ఒళ్ళు వేడిగా ఉందని పారాసిటమాల్ వేయకండి. సగం కూడా, పావు కూడా వద్దు. మనకి వేసే ఒక్క మాత్రతో పిల్లి చనిపోవచ్చు. దాని లివర్‌కి ఆ మందుని విరగ్గొట్టే శక్తి లేదు. రెండోది ఫినాయిల్. మన ఇళ్ళల్లో రోజూ నేల తుడిచేదే. ఆ తడి నేల మీద నడిచి పిల్లి పాదాలు నాక్కుంటుంది. కుక్కల పిడుదులకి పోసే పెర్మెత్రిన్ మందు కూడా అంతే, పిల్లికి విషం. షాపులో "ఏదైనా ఒకటే సార్" అంటే నమ్మొద్దు.

సరే. శనివారం.

డాక్టర్ రమ్మన్న ఆ శనివారం మాకు ప్రొడక్షన్ రిలీజ్ ఉంది. నేను లేకపోతే ఆగిపోయేదా? ఆగేది కాదు. టీమ్‌లో ఇంకో ఇద్దరు ఉన్నారు. కానీ అప్రైజల్ ముందు నెల అది. వచ్చే వారం వెళ్దాంలే అనుకున్నా. వచ్చే వారం ఫ్రెండ్ పెళ్ళి, రాజమండ్రి. పిల్లులకి గిన్నెల నిండా ఫుడ్ పెట్టి, పక్క ఫ్లాట్ కుర్రాడికి తాళం ఇచ్చి వెళ్ళొచ్చా. మూడో శనివారం ఏ పనీ లేదు. నిద్రపోయాను. నిజంగా అంతే. బయటికి వెళ్ళని పిల్లులకి ఏం వస్తుందిలే అనిపించింది.

తర్వాత మంగళవారం రాత్రి ఇడ్లీ తినలేదు. నీళ్ళ గిన్నె ముందు కూర్చుని తల వేలాడేశాడు, తాగట్లేదు. పచ్చటి నురగ కక్కాడు. వేడి చేసిందేమో అనుకుని అమ్మకి ఫోన్ చేశా, మజ్జిగ పెట్టమంది. బుధవారం పొద్దున స్టాండప్ మీటింగ్, తర్వాత ఇంకో కాల్. సాయంత్రం ఆరున్నరకి తీసుకెళ్ళా. మేడమ్ ఒళ్ళు పట్టి చూడగానే అడిగిన మొదటి ప్రశ్న, "వ్యాక్సిన్ ఎక్కడ వేయించారు?"

రక్తం టెస్ట్‌లో తెల్ల కణాలు కనీసం ఐదారు వేలు ఉండాలి, వాడికి 900 ఉన్నాయి. జబ్బు పేరు పాన్‌ల్యూకోపీనియా. కుక్కపిల్లలకి పార్వో వస్తుంది, విని ఉంటారు కదా, ఆ కుటుంబం వైరసే. ఇది ఇంట్లోకి రావడానికి ఇంకో పిల్లి రావక్కర్లేదు. మన చెప్పులు, బట్టలు, చేతులు చాలు. నేల మీద, గుడ్డల్లో ఏడాది వరకూ బతికి ఉండగలదు. వైరస్‌ని చంపే మందు లేదు. సెలైన్ ఎక్కించడం, వాంతులు ఆపడం, వేరే ఇన్‌ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్, ఒంట్లో శక్తి మిగిలితే బతుకుతుంది. టీకా పడని పిల్లల్లో చాలావరకు బతకవు.

గురువారం కారం కూడా తినడం మానేసింది. రెండింటినీ వేరే వేరే బోనుల్లో పెట్టారు. శుక్రవారం తెల్లవారుజామున ఇడ్లీ పోయాడు. క్లినిక్ బిల్లు 14,300. అది ఇందాక చెప్పిన షీట్‌లో కలపలేదు, వేరే ట్యాబ్‌లో ఉంది. ఆ ట్యాబ్‌లో ఒకే ఒక లైన్ ఉంటుంది.

నేను మేడమ్‌ని అడిగాను, మొదటి శనివారం వచ్చి ఉంటే బతికేవాడా అని. ఊరడించడానికి ఏదో ఒకటి అనొచ్చు ఆవిడ. అనలేదు. "చెప్పలేం. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉంటే ఒక్కోసారి మొదటి డోస్ పని చేయదు, అందుకే మూడు, నాలుగు వారాలకోసారి 16 వారాల వయసు దాకా వేస్తూ వెళ్తాం. కానీ వచ్చి ఉంటే అవకాశం ఉండేది" అన్నారు.

సిటీలో పిల్లిపిల్లని పూడ్చడానికి చోటెక్కడ? అపార్ట్‌మెంట్లో నేలంతా టైల్స్. వాచ్‌మన్ అన్న గునపం తీసుకుని పక్కనున్న ఖాళీ ప్లాట్‌లో వేపచెట్టు కింద తవ్వాడు. ఆఫీస్ గ్రూప్‌లో "టేకింగ్ సిక్ లీవ్" అని పెట్టా. పిల్లి పోయిందని రాస్తే నవ్వుతారని. ఆ రోజు లీవ్ ఈజీగానే ఇచ్చారు. మూడు వారాల ముందు అడిగినా ఇచ్చేవాళ్ళే.

అమ్మ ఒక్కసారే అడిగింది, "శనివారం ఎందుకు వెళ్ళలేదు నాన్నా?" అని. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

కారం ఆరు రోజులు క్లినిక్‌లో ఉండి బతికింది. అది రాకముందు ఇల్లంతా బ్లీచింగ్ నీళ్ళతో కడిగాను, ఒక వంతు బ్లీచ్‌కి 32 వంతుల నీళ్ళు, పది నిమిషాలు నాననిచ్చి మంచి నీళ్ళతో కడిగి ఆరబెట్టడం. దాన్ని ఫినాయిల్‌తో గానీ ఇంకో క్లీనర్‌తో గానీ కలపొద్దు. వాళ్ళ పాత దుప్పటి, బొంత, అట్టపెట్టె అన్నీ పారేశాను. ఇడ్లీ బొంత పారేయడానికి మాత్రం ఇంకో రెండు రోజులు పట్టింది, కవర్‌లో కట్టి బాల్కనీలో ఉంచాను.

ఇదంతా జరిగిన తర్వాతి ఏడాదే ఆ రీల్ తీశాను. అందులో ఇవేవీ లేవు. 28 సెకన్లలో పట్టదనుకోండి. పట్టినా పెట్టేవాడిని కాదు, వ్యూస్ రావు కదా.

డబ్బు, టీకాలు కాకుండా అసలు చిక్కు ఇంకోటి ఉంది. ఐటీలో ఉన్నవాళ్ళకి ఆన్-కాల్ అంటే తెలుసు. ప్రైమరీ ఒకడు, వాడు ఫోన్ ఎత్తకపోతే సెకండరీ ఇంకోడు. పిల్లి విషయంలో మనందరం ప్రైమరీ పేరు రాసుకుంటాం, సెకండరీ కాలమ్ ఖాళీగా ఉంటుంది. ఇంట్లోనే ఉండే పిల్లి 12 నుంచి 15 ఏళ్ళు బతుకుతుంది, ఇంకా ఎక్కువ కూడా. మీకిప్పుడు 22 అనుకోండి. ఆ పదిహేనేళ్ళలో జాబ్ మారతారు, బెంగళూరు వెళ్తారు, వీసా వస్తుంది, పెళ్ళవుతుంది, పిల్లలు పుడతారు. ప్రతిసారీ ఒక పిల్లి తలుపు దగ్గర కూర్చుని ఉంటుంది.

సంక్రాంతి సంగతే చూడండి. హైదరాబాద్ సగం ఖాళీ అయిపోతుంది. పిల్లిని చూసుకునేవాళ్ళు కూడా సంక్రాంతికి ఊరెళ్తారు. డిసెంబర్ మొదట్లోనే మాట్లాడుకోకపోతే ఎవరూ దొరకరు. పిల్లి కుక్కలాగా కాదు, ఊరు తీసుకెళ్తే కొత్త చోట మంచం కింద దూరి తిండి మానేస్తుంది. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే, అందులోనూ లావుగా ఉంటే, లివర్‌లో కొవ్వు పేరుకుని ప్రాణం మీదకి వస్తుంది. అందుకే "రెండ్రోజులే కదా, తినకపోతే ఏమైంది" అనుకోకండి.

ఆపరేషన్ చేయించాలా అని అడుగుతుంటారు. చేయించాలి. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకి రావచ్చు. కారం ఐదో నెలలో మొదలుపెట్టింది, రాత్రి రెండింటికి పసిపిల్ల ఏడ్చినట్టు అరుపు. కింద ఫ్లోర్ ఓనర్ ఆంటీ ఫోన్ చేసి, "బాబూ, నీకు పెళ్ళి కాలేదన్నావు కదా, ఇంట్లో ఆ పాపెవరు?" అని అడిగారు. నవ్వొచ్చే విషయమే, కానీ అప్పటిదాకా నేను పిల్లి ఉందని ఆంటీకి చెప్పలేదు. అగ్రిమెంట్‌లో ఆ ఊసే లేదు. 2015లో యానిమల్ వెల్ఫేర్ బోర్డ్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పెంపుడు జంతువుల్ని నిషేధించకూడదు. అది చెప్పి ఆంటీతో వాదించొచ్చు. 11 నెలల అగ్రిమెంట్ అయిపోయాక ఆవిడ రెన్యూ చేయకపోతే ఏ బోర్డ్ వస్తుంది? కిందకి వెళ్ళి సారీ చెప్పి, నెట్ చూపించి, డిపాజిట్ ఐదు వేలు ఎక్కువ ఇచ్చాను. ఇది కూడా షీట్‌లో లేదు, తిరిగొస్తుందని నమ్మకం.

పెళ్ళైనవాళ్ళు అడిగేది, ఇంట్లో ఎవరైనా ప్రెగ్నెంట్ అయితే పిల్లిని వదిలేయాలా అని. టాక్సోప్లాస్మా అనే క్రిమి గురించి భయం అది. భయం నిజమే, దారి వేరే ఉంది. లిట్టర్ ఇంకొకరు తీయాలి, రోజూ తీయాలి, ఎందుకంటే ఆ క్రిమి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. సరిగ్గా ఉడకని మాంసం తినకూడదు. మిగతాది మీ డాక్టర్‌ని అడగండి. రోడ్డు మీద వదిలేయడం మాత్రం పరిష్కారం కాదు. తిండి, నీళ్ళు లేక బాధపడేలా ఒక జంతువుని కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. మొదటిసారి చేస్తే జరిమానా ఎంతో తెలుసా? 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఒక ఎగ్ పఫ్, ఒక చాయ్. చట్టానికి భయపడి మంచి పని చేస్తాం అనుకునేవాళ్ళకి అక్కడ పెద్దగా ఏమీ దొరకదు.

అన్నట్టు, మొదటి రోజు సెల్లార్‌లో కారం నన్ను గీరింది. వీధి పిల్లి గీరినా, కొరికినా రేబిస్ సూదులు వేయించుకోవాల్సిందే, కుక్కకే కాదు. ముందు సబ్బుతో, ధారగా వచ్చే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఫ్రీగా వేస్తారు, నేను నాలుగుసార్లు వెళ్ళొచ్చాను.

ఇప్పుడు ఆ అమ్మాయి. ఫైనల్ ఇయర్ బీటెక్, ఊరు దూరం, ఇంట్లో పిల్లి అంటే ఒప్పుకోరు. ఆదివారం మధ్యాహ్నం ఆటోలో వచ్చింది, ప్లాస్టిక్ బుట్టకి ఇంకో బుట్ట బోర్లించి తాళ్ళతో కట్టి. లోపల బూడిద రంగు పిల్ల, నాలుగు నెలలది. పేరు మిల్కీ. నేను మనసులో ఒక లెక్చర్ తయారు చేసుకుని ఉన్నా. ఆలోచించకుండా ఎందుకు తెచ్చావమ్మా, బాధ్యత ఉండక్కర్లేదా, ఇలాంటివి. ఆ అమ్మాయి బ్యాగ్‌లోంచి వ్యాక్సిన్ కార్డు తీసి ఇచ్చింది. మూడు డోసులూ పడ్డాయి. రేబిస్ కూడా. ఒక్క తేదీ కూడా తప్పలేదు.

"డబ్బులెక్కడివి?" అని అడిగా. "సాయంత్రం టిఫిన్ మానేశా అన్నా, ఇంకా కాలేజ్ ప్రాజెక్ట్స్ టైప్ చేసి ఇచ్చా" అంది.

నేను ఏం లెక్చర్ ఇస్తాను? నెలకి లక్ష దగ్గర్లో జీతం తీసుకుంటూ మూడు శనివారాలు దాటేసినవాడిని. ఈ అమ్మాయి దగ్గర లేనిది ఒక్కటే, తనదని చెప్పుకోవడానికి ఒక గది. అది లేకుండా తెచ్చుకోకూడదని ఎవరూ చెప్పలేదు. నేనైతే హార్ట్ కొట్టాను.

మిల్కీని రెండు వారాలు గెస్ట్ బాత్రూమ్‌లో విడిగా ఉంచాను, కారానికి ఏదీ అంటకుండా. తర్వాత ఇల్లు వెతకడం. "ఎవరో ఒకరికి ఇచ్చేద్దాం" అంటాం కదా, ఆ ఎవరో ఒకరిని వెతకడానికి ఏడు వారాలు పట్టింది. షెల్టర్‌కి ఫోన్ చేస్తే చోటు లేదన్నారు, వాళ్ళని ఏమీ అనలేం, రోజూ నాలాంటివాళ్ళు ఎంతమంది చేస్తారో. స్టేటస్ పెట్టగానే చాలామంది అడిగారు. నేను అడిగినవి నాలుగే. ఇల్లు సొంతమా, అద్దె అయితే ఓనర్ ఒప్పుకున్నట్టు మెసేజ్ చూపిస్తారా? నెట్ ఉందా? సంక్రాంతికి ఎవరు చూస్తారు? మీకు ఒంట్లో బాగాలేకపోతే రెండో మనిషి ఎవరు? నెట్ దగ్గరే సగం మంది ఆగిపోయారు. ఒకాయన, "ఏంటి బ్రో, ఇది పిల్లినా, పెళ్ళి సంబంధమా?" అన్నాడు. నిజానికి పెళ్ళి సంబంధమైతే ఇద్దరికీ మాట్లాడుకునే నోరుంటుంది.

చివరికి వరంగల్‌లో ఒక టీచర్ అక్క తీసుకుంది. వాళ్ళమ్మ గారు పగలంతా ఇంట్లోనే ఉంటారు. నేను అడగకముందే ఆ అక్క నన్ను అడిగింది, కార్డు ఉందా, ఆపరేషన్ అయ్యిందా, ఏ ఫుడ్ తింటుంది, రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటుంది అని. మిల్కీని ఇచ్చే రోజు ఆ అమ్మాయిని కూడా రమ్మన్నాను. వచ్చింది. బుట్ట మూత వేసేటప్పుడు నేను పక్కకి వెళ్ళిపోయాను.

నెలనెలా అక్క ఫోటో పంపిస్తుంది. నేను ఆ అమ్మాయికి ఫార్వర్డ్ చేస్తాను. జాబ్ వచ్చిందట, పూణేలో. సొంత రూమ్ తీసుకున్నాక ఓనర్‌ని అడిగే తెచ్చుకుంటానంది, ఇప్పుడే కాదంది.

పిల్లి వద్దని చెప్పట్లేదు నేను. కారం ఇప్పుడు కూడా నా కాలి మీదే ఉంది, మీకు కనబడదు, ట్రైపాడ్ తోసేస్తుందని కెమెరాని పైకి పెట్టాను. మీకు ఇప్పుడే తెచ్చుకునే వీలు లేకపోతే, పిల్లులున్న ఫ్రెండ్ ఎవరైనా ఊరెళ్ళినప్పుడు వాళ్ళ సెకండరీ మీరవ్వండి. ఐదు రోజులు లిట్టర్ తీసి చూడండి. లేదా మీ వీధిలో తిరిగే ఒక పిల్లికి ఆపరేషన్ చేయించి దాని చోట దాన్ని వదిలిపెట్టండి. మా సెల్లార్‌లో ఆ రోజు అరుస్తూ తిరిగిన పిల్లిని పట్టుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది, అప్పటికి మళ్ళీ ఈనేసింది. ఇప్పుడు దాని చెవి చివర కత్తిరించి ఉంటుంది, ఆపరేషన్ అయ్యిందని గుర్తు. నన్ను చూస్తే ఇప్పటికీ బండి కిందకి వెళ్ళిపోతుంది.

ఆ రీల్ తీసేయమని కొందరన్నారు. తీయలేదు. పైన మొదటి కామెంట్‌గా ఈ ఎపిసోడ్ లింక్ పెడుతున్నా. కొత్తగా ఎవరైనా "నాకూ కావాలి" అని రాస్తే హార్ట్ కొట్టను, నాలుగు ప్రశ్నలు పంపిస్తా. జవాబు రాసినవాళ్ళతో మాట్లాడతా.

వచ్చే శనివారం కారానికి బూస్టర్ డోస్. ఆ రోజు ఒక బ్రాండ్ షూట్ ఉంది, మార్చమని చెప్పేశాను. కాబట్టి వచ్చే వారం ఎపిసోడ్ ఆదివారం వస్తుంది. ఉంటాను మరి.